మేకుల గన్ను – చేతివ్రేళ్ళ రక్షణ



ఈ సాయంకాలము నేను మీకు మనవి చేయదలచిన విషయము చూచుటకు చిన్నది. వడ్రంగులు ఇప్పుడు మేకులు కొట్టుటకు వాడుచున్న గాలి గన్నును గూర్చియు, దానివలన చేతికిని కంటికిని కలుగు అపాయమును గూర్చియు, ఆ అపాయమును తప్పించుకొను మార్గమును గూర్చియు నాకు తెలిసినంత చెప్పెదను. “ఇది వడ్రంగులకు చెప్పవలసిన మాట, మాకేల?” అని మీరు అనుకొనవచ్చును. కాని ఇల్లు కట్టించువారు మీరు. దర్వాజా నిలుపు ముహూర్తమును నిశ్చయించువారు మీరు. పని ఎప్పటికి ముగియునని అడుగువారును మీరే. కావున ఈ మాట వడ్రంగి చెవిని పడుటకంటె ముందు మీ చెవిని పడుట మేలని నా నమ్మకము.

నేను బోధను ప్రాంతపు పల్లెలో వడ్రంగి ఇంట పుట్టినవాడను. మా తండ్రిగారు బండిచక్రములు, నాగళ్ళు, చెరకు గానుగలు చేసి జీవించిరి. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరము మంజీరా నీటిని మన పొలములకు తెచ్చినది. 1937లో బోధను చెంత శక్కర్‌నగరులో చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. 2015 డిసెంబరులో అది మూతపడినది గాని, చెరకును యంత్రమునకు అందించుట యెట్టిదో ఈ ప్రాంతపు పెద్దలకు ఒకరు చెప్పనక్కరలేదు.

కనుక గానుగనుండియే మొదలు పెట్టెదను. ఎద్దులు త్రిప్పు గానుగయొద్ద చెరకు అందించువాడు క్రింద కూర్చుండును. వాని చేయి రోలర్ల దగ్గరకు పోయినచో ప్రక్కవాడు కేకవేయును. తోలువాడు “హో” అనును. ఎద్దులు నిలుచును. ఎద్దునకు చెవి కలదు, మాట వినును. ఆ పిమ్మట గానుగకు ఇంజనును, కరెంటు మోటారును వచ్చినవి. మోటారునకు చెవి లేదు. కేక వినబడి ఒకడు పరుగెత్తి స్విచ్చి ఆపునంతలో జరుగవలసినది జరిగిపోవును. మా తండ్రిగారు గానుగ చేసి ఇచ్చిన ప్రతి ఇంటను ఒక్క మాట చెప్పెడివారు: “చెరకు అందించువాని చేతికి వదులు చొక్కా ఉండరాదు, వానితో ఎవరును ముచ్చట్లాడరాదు.” కేక వేయుటకు వ్యవధి లేని పనిలో జాగ్రత్త అంతయు ముందే ఉండవలెనని ఆయన భావము.

మేకుల గన్ను ఆ మోటారు గానుగ కంటెను వేగముగలది. అందు కేక వేయుటకు రెప్పపాటు కాలమైనను ఉండదు.

ఇది ఏమి వస్తువో చూడనివారికి చెప్పెదను. పూర్వము వడ్రంగి మేకును, అనగా మన వైపు మొల అనుదానిని, రెండు వ్రేళ్ళతో పట్టి సుత్తెతో కొట్టెడివాడు. తప్పిన దెబ్బ వ్రేలికి తగిలి గోరు నల్లబడెడిది, నాలుగు దినములలో మానెడిది. ఇప్పుడు కంప్రెషరు అను యంత్రము గాలిని బిగించి ఒక తొట్టిలో నింపును. ఆ గాలి గొట్టము ద్వారా గన్నులోనికి వచ్చును. మీట నొక్కగానే లోపలి కవాటము తెరచుకొని, గాలి ఒక ముషలమును క్రిందికి త్రోయును. దాని కొననున్న ఉక్కు పలక మేకును ఒక్క దెబ్బలో కొయ్యలోనికి దించును. వెనుక స్ప్రింగు మరియొక మేకును వెంటనే ముందుకు తెచ్చును. కారు చక్రములో చదరపు అంగుళమునకు సుమారు 30 పౌండ్ల ఒత్తిడి యుండును. ఈ గన్నులకు సాధారణముగా 70 మొదలు 120 పౌండ్ల వరకు పెట్టుదురు. టేకులోనికి దిగు మేకునకు అరచేయి యొక లెక్క కాదు.

ఇట్టి గన్నులు అమెరికా దేశమున 20వ శతాబ్ది నడుమ ఇండ్ల నిర్మాణములో వాడుకకు వచ్చినవి. మన నిజామాబాదు వారిలో అనేకులు వీనిని మొదట గల్ఫు దేశములలో చూచిరి. మన పల్లెల యువకులు అచటికి షట్టరింగు పనికిని, వడ్రంగపు పనికిని పోయి, చేతిలో విద్యయు, సంచిలో పనిముట్లును తెచ్చుకొనిరి. నేనును అట్లు 9 ఏండ్లు అచట పనిచేసి వచ్చి, నిజామాబాదు పట్టణములో దుకాణము పెట్టితిని. ఇప్పుడు సోఫాలు చేయువారును, ప్లైవుడ్డు అల్మారాలు చేయువారును, ఇంటి లోపలి పైకప్పు అలంకరించువారును గన్ను లేక పని చేయుట అరుదు.

గన్ను చెడ్డదని నేను అనుట లేదు. ఒక దినపు పని ఒక పూటలో ముగియును. భుజము నొప్పి తగ్గును. కాని దాని స్వభావము తెలియక దానిని చేతబట్టరాదు.

ఆ స్వభావమంతయు రెండు భాగములలో నున్నది. మొదటిది గన్ను ముక్కు. ముక్కు కొన స్ప్రింగు మీద నిలిచియుండును. దానిని కొయ్యకు ఆనించి అదిమిననే గాని గన్ను పేలదు. ఇది గాలిలో మేకు ఎగురకుండ తయారుచేసినవారు పెట్టిన కాపలా. రెండవది మీట. మీటలు ముఖ్యముగా రెండు తెగలు. ఒక తెగలో ముందు ముక్కును కొయ్యకు అదిమి, తరువాత మీట నొక్కవలెను. మరియొక మేకు కొట్టుటకు రెండింటిని వదలి, మరల అదే క్రమమున చేయవలెను. దీనిని వరుస మీట అందము. రెండవ తెగలో మీటను నొక్కిపట్టి యుంచి, ముక్కును ఎచట తాకించిన అచట మేకు దిగును. దీనిని తాకుడు మీట అందము. చెరకు బండి వెనుక బండి వచ్చినట్లు మేకు వెనుక మేకు పడుచుండును. చూచుటకు ముచ్చటగా నుండును.

ఆ ముచ్చటలోనే అపాయము గలదు. మేకు దిగినప్పుడు గన్ను వెనుకకు తన్నును. మీట నొక్కియే యున్నది గనుక, చేయి అసంకల్పముగా మరల ముందుకు త్రోయగా ముక్కు ఇంకొకసారి తాకును. అడుగని రెండవ మేకు వచ్చును. అది కొయ్యలో దిగవచ్చును. మొదటి మేకు తలకు తగిలి ప్రక్కకు ఎగురవచ్చును. కొయ్యను పట్టుకొనిన ఎడమచేతిలో దిగవచ్చును.

అమెరికాలో ఈ విషయమును లెక్కకట్టిరి. 2001 మొదలు 2005 వరకు ఏటేట సుమారు 37,000 మంది మేకుల గన్ను గాయములతో ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చిరట. ఆ దేశపు ప్రభుత్వ సంస్థలు 2011లో ప్రచురించిన మార్గదర్శినిలో, తాకుడు మీటతో గాయపడు ప్రమాదము వరుస మీటకంటె రెండింతలని చెప్పిరి. గాయములలో సగమునకు మించి చేతికి, వ్రేళ్ళకు తగిలినవే.

“అట్లయిన వరుస మీటతో పని ఆలస్యమగును గదా” అని మేస్త్రీలందురు. దానిని గూడ పరీక్షించిరి. అనుభవముగల వడ్రంగులు పదిమందిచే ఒకే తీరు చిన్న కట్టడములను రెండు విధములను కట్టించిరి. తాకుడు మీటతో మేకులు కొట్టు కాలములో నూటికి 10 పాళ్ళు కలిసివచ్చినది. కాని మొత్తము కట్టడము ముగియు కాలముతో పోల్చినచో ఆ ఆదా నూటికి 1 పాలైనను లేదు. ఏలయనగా వడ్రంగి దినములో ఎక్కువ భాగము కొలుచుటకు, కోయుటకు, నిలుపుటకు పోవును గాని మేకు కొట్టుటకు కాదు. ఈ ఒక్క లెక్కను మీరు జ్ఞాపకముంచుకొనిన నా ప్రసంగము సఫలమైనట్లే.

ఇక నా ఇంటి మాట చెప్పవలెను. చెప్పుటకు సిగ్గుగా నున్నది. కాని సిగ్గుపడి దాచినచో ఇతరులకు ఉపయోగము లేదు.

కొన్ని ఏండ్ల క్రిందట బోధను వైపు ఒక పల్లెలో ఒక పెద్దమనిషిగారి కొత్త ఇంటిలో పైకప్పు చెక్కపని ఒప్పుకొంటిని. గృహప్రవేశమునకు నాలుగు దినములు మిగిలియున్నవి. బంధువులకు పిలుపులు పోయినవి. నాతో నా మేనల్లుడు పనిచేయుచుండెను. 20 ఏండ్లవాడు, ఉలి పట్టినచో గీత తప్పనివాడు. ఆ ఉదయము గన్ను ముక్కు స్ప్రింగు దుమ్ము పట్టి ఇరుక్కొని, ప్రతి రెండవ మేకునకు మొరాయించుచుండెను. గొట్టము విప్పి, ముక్కు తీసి, శుభ్రము చేయుటకు అరగంట పట్టును. నేను ఆ అరగంట మిగుల్చుకొనదలచి, ముక్కును వెనుకకు లాగి సెంట్రింగు తీగతో కట్టివేసితిని. గల్ఫులో మొదటి దినముననే మాకు చూపి వారించిన పని అది. అచట నేర్చిన నియమమును ఇచట తీరిక లేదని విడిచితిని.

మధ్యాహ్నము నా మేనల్లుడు నిచ్చెన దిగుచుండెను. కుడిచేత గన్ను, వ్రేలు మీట మీద. ఎడమచేయి నిచ్చెన పట్టియున్నది. గాలి గొట్టము నిచ్చెన మెట్టునకు చిక్కుకొనినది. గన్ను లాగినట్లయి వ్రేలు మీటను నొక్కినది. ముక్కు కాపలా నేను కట్టివేసితిని గదా, గన్ను గాలిలోనే పేలినది. రెండంగుళముల మేకు వాని ఎడమ చూపుడువ్రేలి మొదట దిగినది.

“ఏం గాలే మామా, జెర మొల తాకింది” అనెను. రక్తము అట్టే రాలేదు. వాడు పట్టుకారుతో మేకును తానే పెరికివేసి, ఇంటివారిచ్చిన పసుపు అద్ది, గుడ్డ చుట్టుకొని మరల నిచ్చెన ఎక్కెను. నేను చూచుచునే యుంటిని. ముహూర్తము తలలో తిరుగుచుండగా వాని చేయి నా కంటికి కనబడలేదు.

మూడవనాడు చేయి మోచేతివరకు వాచినది. నిజామాబాదు ఆసుపత్రికి కొనిపోయితిమి. వైద్యులు వ్రేలి మొదలు కోసి, లోపలనుండి జిగురు తునక యొకటి తీసి చూపిరి. గన్నులో మేకులు వరుసగా నిలుచుటకు వానిని జిగురుతోనో, సన్నని తీగతోనో, ప్లాస్టిక్కుతోనో కలిపియుంచుదురు. మేకు పెరికినను ఆ తునక లోపల నిలిచి చీము పట్టినది. నరము దెబ్బతిన్నది. ప్రాణమునకు భయము తప్పినది గాని ఆ వ్రేలు ఈనాటికిని వంగదు.

ఎడమచేతి చూపుడువ్రేలు గదా, ఏమి నష్టమందురేమో. వడ్రంగికి ఉలి నిలుచునది ఎడమచేతిలోనే. కుడిచేయి కొట్టును, ఎడమచేయి దారి చూపును. ఇప్పుడు వాడు దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. మా అక్కగారు నన్ను ఒక్క మాటయు అనలేదు. అనియుండిన నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆ ఇంటి పెద్దమనిషిగారు ఆసుపత్రికి వచ్చి, “ముహూర్తమును నాదే, తొందరయు నాదే” అని కూర్చుండిపోయిరి. నేను “తీగ కట్టినది నేను” అంటిని. ఇద్దరి మాటయు నిజమే. అందుచేతనే ఈ ప్రసంగమును మీ ఎదుట చేయుచున్నాను.

ఇక పాటింపవలసిన నియమములు. ఇవి పెద్ద శాస్త్రము కాదు. ఒక్కొక్కదానికి కారణము చెప్పెదను, కారణము తెలిసినవాడు నియమమును విడువడు.

ముక్కు కాపలాను ఎన్నడును కట్టరాదు, తీయరాదు. అది మొరాయించినచో గన్ను ఆ దినమునకు సెలవు పుచ్చుకొనినదని తెలిసి సుత్తె పట్టవలెను. మేకు ఇరుక్కొనినచో ముందుగా గాలి గొట్టము విప్పి, పిదప గన్నును ముట్టుకొనవలెను. కంప్రెషరు ఆపినంత మాత్రమున చాలదు. గొట్టములో నిలిచిన గాలియే ఒక మేకును కొట్టుటకు చాలును. గన్ను చేతబట్టి నడుచునప్పుడు, నిచ్చెన ఎక్కి దిగునప్పుడు, మరియొకనికి అందించునప్పుడు వ్రేలు మీట మీద నుండరాదు. నిచ్చెన దిగుటకు ముందు గొట్టము విప్పుట ఇంకను మేలు.

పట్టుకొను చేయి మేకు దిగు చోటికి కనీసము ఒక అడుగు దూరమున నుండవలెను. సన్నమేకు కొయ్యలోని ముడి తగిలినచోట, లేదా నారవెంట దారి మళ్ళి, ప్రక్కనుండి బయటకు పొడుచుకొని వచ్చును. మన తుమ్మలోను, వేపలోను ముడులు తక్కువ కావు. పలుచని చెక్కయైనచో మేకు ఆవలికి పోవును; ఆవలి ప్రక్కన ఎవరును లేరని చూచుకొనవలెను. పాత కొయ్యలో ఇనుప బందులు, పాత మేకులు ఉన్నచోట గన్ను వాడరాదు. చిన్నముక్కను చేత పట్టి కొట్టుటకు బదులు పట్టుబిళ్ళతో బిగించి కొట్టవలెను.

కంటికి అద్దాలు తప్పక పెట్టవలెను. ఎగిరిన తునక కంటిలో పడినచో చూపు పోవచ్చును. ఎండకు పెట్టుకొను నల్లద్దాలు ఇందుకు పనికిరావు. రోజంతయు గన్ను చప్పుడులో నుండువారు చెవులకును అడ్డు పెట్టుకొనవలెను.

కరెంటు పోయినప్పుడు, కంప్రెషరు చెడినప్పుడు, వెల్డింగు దుకాణమునుండి ఆక్సిజను సిలిండరు తెచ్చి గన్నునకు తగిలించెదమని కొందరికి తోచవచ్చును. అది మహాపాయము. ఆక్సిజను లోపలి నూనెతో కలిసి గన్నే పేలిపోవచ్చును. గాలి గన్నునకు గాలియే ఆహారము, తయారుచేసినవారు చెప్పిన ఒత్తిడిని మించి అదియును పెట్టరాదు.

కొత్తగా పనికి వచ్చిన కుర్రవానికి మొదటి దినముననే గన్ను ఇయ్యరాదు. ముందు గాలి తగిలింపకుండ దాని భాగములు చూపి, తరువాత చెత్తచెక్క మీద, వరుస మీటతో, పెద్దవాడు ప్రక్కన నిలిచి అలవాటు చేయింపవలెను.

ఇంత చేసినను గాయమైనచో ఏమి చేయవలెను? గన్నును ప్రక్కన పెట్టి గాలి ఆపుడు. మేకును మీరు పెరుకకుడు. అది లోపల ఏ నరమును, ఏ ఎముకను తాకినదో పైకి కనబడదు; కొన్ని మేకులకు గాట్లుండి తీయునప్పుడు ఇంకను చీల్చును. మేకు కదలకుండ చుట్టును గుడ్డ కట్టి వెంటనే ఆసుపత్రికి కొనిపొండు. ఆ గన్నులోని మేకులను నాలుగింటిని వెంట తీసికొనిపోయి వైద్యునికి చూపుడు. అట్లయిన జిగురు, తీగ, ప్లాస్టిక్కు ఏమున్నదో వారికి తెలియును. ధనుర్వాతపు సూది ఎప్పుడు వేయించినదియు చెప్పుడు. మన పసుపు నిజామాబాదు మార్కెటునకు పేరు తెచ్చినది. వంటకు, పూజకు, చర్మము మీది గీతకు అది మంచిదే. కాని లోపల దిగిన మేకు గాయమునకు పసుపు కప్పి కూర్చుండుట లోపలి చీమును దాచుటయే. నా మేనల్లుని చేయి నాకు నేర్పిన పాఠమిది.

పెద్దలారా, ఇందు మీవలన కావలసినవి మూడు. ఇంటి పనికి వడ్రంగిని కుదుర్చుకొనునప్పుడు కూలి మాటతో బాటు ఒక ప్రశ్న అడుగుడు: “నీ గన్నుకు మీట ఏ తెగది? ముక్కు సరిగా ఆడుచున్నదా?” ఆ ప్రశ్న ఇంటి యజమానుడు అడుగునని తెలిసినచో ఏ మేస్త్రీయు తీగ కట్టడు. రెండవది, ముహూర్తమునకు ముందు పదిదినములు వడ్రంగికి అదనముగా మిగిలియుండునట్లు పని ఆరంభింపుడు. లగ్నము పంచాంగములో నున్నది. పని దినముల లెక్క మన చేతిలో నున్నది. మూడవది, పని జరుగుచోటికి పిల్లలను పోనీయకుడు. గన్ను వారికి ఆటవస్తువువలె కనబడును.

మరియొక మాట. పనిలో గాయపడిన కూలివానికి పరిహారము దయతో ఇచ్చునది కాదు. 1923 నాటి కార్మిక పరిహార చట్టమునుండియు మన దేశమున అది హక్కుగా నున్నది. ఆ చట్టపు పట్టికలో బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 పాళ్ళు పోయినట్లని లెక్క వ్రాసిరి. బొటనవ్రేలు అంత విలువగలదని చట్టము చేసినవారు ఎరుగుదురు. మీ ఊరి పిల్లవాడు ఎచటనో పనిలో గాయపడివచ్చినచో, “రాత” యని ఊరుకొనక, ఆసుపత్రి కాగితములను భద్రపరచి కార్మికశాఖవారి యొద్దకు వానిని వెంటబెట్టుకొని పొండు. చదువు వచ్చిన పెద్ద ఒకరు వెంట నున్నచో వాని మాటకు బలము కలుగును.

దసరానాడు మేము పనిముట్లను కడిగి, బొట్టుపెట్టి, పూజించుట మీరెరుగుదురు. బాడిస, ఉలి, రంపము, సుత్తెల నడుమ ఇప్పుడు గన్నును పెట్టుచున్నాము. నా దుకాణములో ఆ దినమున ఇంకొక పని గూడ జరుగును. గన్నుల నన్నిటిని విప్పి, ముక్కు స్ప్రింగులను శుభ్రపరచి, ఒక్కొక్కటి ఆడుచున్నదో లేదో నా మేనల్లుడు పరీక్షించును. సరిలేనిదానికి పూజ లేదు, పని లేదు. ఆ వంగని వ్రేలితో వాడు ప్రక్కన పెట్టిన గన్నును తిరిగి ఇమ్మని అడుగుటకు మాలో ఎవ్వరికిని ధైర్యము చాలదు.

మీ ఊరికి గన్ను వచ్చినప్పుడు ఈ మాటలు జ్ఞాపకము చేసికొందురని వేడుకొని సెలవు తీసికొనుచున్నాను.